అమెరికా స్వేచ్ఛా, సమానత్వ, సంస్మరణ ప్రసంగాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా చరిత్రలో పేరుపడ్డ ప్రసంగాలను తెలుగులో చదివేవారికి, పిల్లలకు పాఠం చెప్పేవారికి, వక్తృత్వ పోటీలకు తయారయ్యేవారికి తరచూ కలిగే సందేహాలకు ఇక్కడ జవాబులున్నాయి. ఈ ప్రసంగాలను కలిపే దారం ఒక్కటే. 1776 జూలై 4 నాటి స్వాతంత్ర్య ప్రకటనలో ‘మనుషులందరూ సమానులుగా సృష్టింపబడ్డారు’ అన్న వాక్యం ఉంది. బానిసత్వం నుంచి తప్పించుకున్న వక్త ఫ్రెడరిక్ డగ్లస్, అధ్యక్షుడు అబ్రహాం లింకన్, పౌరహక్కుల నేత మార్టిన్ లూథర్ కింగ్ ముగ్గురూ ఆ వాక్యాన్నే ముందు పెట్టుకుని మాట్లాడారు.

ప్రజాస్వామ్యానికి లింకన్ ఇచ్చిన నిర్వచనం ఏ ప్రసంగంలోది?

‘ప్రజల యొక్క, ప్రజల చేత, ప్రజల కొరకు’ అని సాంఘికశాస్త్రం పరీక్ష కోసం మనం బట్టీపట్టిన మాట 1863 నవంబరు 19న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని గెటిస్‌బర్గ్‌లో లింకన్ చేసిన ప్రసంగానికి చివరి ముక్క. నిజానికి ఆయన అక్కడ నిర్వచనమేమీ ఇవ్వలేదు. అటువంటి ప్రభుత్వం ఈ భూమ్మీద నుంచి అంతరించిపోకుండా చూస్తామని బతికున్నవాళ్ళం ఒట్టు పెట్టుకోవాలని, కొత్తగా తవ్విన సమాధుల దగ్గర నిలబడి అడిగారు. ఆ వాక్యం ఇంగ్లీషులో 80కి పైగా మాటల పొడవుంటుంది. మన పాఠ్యపుస్తకాలు దాని తోక మాత్రం పట్టుకుని, ‘అంతరించిపోకూడదు’ అన్న అసలు క్రియను వదిలేశాయి. దాంతో ఆందోళనతో పలికిన మాట కాస్తా రెండు మార్కుల జవాబైంది.

ఆ మూడు విభక్తుల పద్ధతి కూడా లింకన్ సొంతం కాదు. 1830లో సెనేటర్ డేనియల్ వెబ్‌స్టర్, 1850లో బానిసత్వ వ్యతిరేక ప్రబోధకుడు థియొడోర్ పార్కర్ దాదాపు ఇవే మాటలు వాడారు. పార్కర్ చేసింది అచ్చంగా నిర్వచనమే కనుక, పరీక్షలో ఆయన పేరు రాస్తే ఎక్కువ సబబుగా ఉండేదేమో.

గెటిస్‌బర్గ్ ప్రసంగం ఏ సందర్భంలో జరిగింది?

1863 జూలై 1 నుంచి 3 వరకు బానిసత్వం మీద చీలిపోయిన ఉత్తర, దక్షిణ రాష్ట్రాల అంతర్యుద్ధంలో భాగంగా, ఆ ఊరి చుట్టూ రెండు సైన్యాల మధ్య జరిగిన యుద్ధంలో చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు, ఆచూకీ తెలియనివారు కలిపి రెండు వైపులా సుమారు 51,000 మంది. శవాలను ఎక్కడివక్కడ పొలాల్లోనే పైపైన పూడ్చిపెట్టారు. ఆ ఊరి న్యాయవాది డేవిడ్ విల్స్ చొరవతో ఉత్తరాది సైనికుల కోసం ప్రత్యేకంగా ఒక శ్మశానవాటికను ఏర్పాటుచేసి, అక్టోబరు చివర్లో అవశేషాలను వెలికితీసి తరలించడం మొదలుపెట్టారు. ప్రారంభసభ నాటికి ఆ పని సగం కూడా పూర్తి కాలేదు. 3,500 మందికి పైగా ఉత్తరాది సైనికులకు అక్కడ చోటు దొరికింది. దక్షిణాది వారి అవశేషాలు దాదాపు అన్నీ 1870ల దాకా పొలాల్లోనే ఉండిపోయాయి. ఎవరిని స్మరించుకోవాలన్న ప్రశ్నకు మొదటి జవాబు ప్రసంగం కంటే ముందే, పలుగూ పారలతో వచ్చేసిందన్నమాట.

ఆనాటి ప్రధాన వక్త లింకన్ కాదు. మసాచుసెట్స్ మాజీ గవర్నరు ఎడ్వర్డ్ ఎవరెట్ రెండు గంటలపాటు, 13,000కు పైగా మాటల ప్రసంగం చేశారు. విల్స్ నవంబరు 2న రాసిన ఉత్తరంలో అధ్యక్షుణ్ణి కోరింది సందర్భానికి తగిన నాలుగు మాటలు మాత్రమే. లింకన్ పది వాక్యాల్లో, సుమారు 270 మాటల్లో, రెండు మూడు నిమిషాల్లో ముగించారు. సందర్భపు కీలకాన్ని మీరు రెండు నిమిషాల్లో పట్టుకున్నంత దగ్గరగా నేను రెండు గంటల్లో పట్టుకోగలిగి ఉంటే సంతోషించేవాణ్ణని ఎవరెట్ మర్నాడే ఆయనకు రాశారు. పత్రికలన్నీ అలా అనుకోలేదు. పొరుగున ఉన్న హారిస్‌బర్గ్ పత్రిక ఒకటి ఆ ప్రసంగాన్ని తెలివితక్కువ మాటలని తీసిపారేసింది. దాని వారసపత్రిక 2013లో, అంటే 150 ఏళ్ళకు, పొరపాటైందని సంపాదకీయంలో ఒప్పుకుంది.

రైల్లో వెళుతూ కవరు వెనుక గబగబా రాశారన్న కథ నిజమేనా?

కాదు. మిగిలి ఉన్న తొలి రాతప్రతి మొదటి పేజీ అధ్యక్ష భవనపు పేరు అచ్చేసిన కాగితం మీద, సిరాతో, శుభ్రమైన దస్తూరీతో ఉంది. కుదుపుల రైల్లో అలా రాయడం కుదిరే పని కాదు. మహానుభావులకు మాటలు ఆశువుగా పుడతాయని నమ్మడం మనకిష్టం కనుక ఆ కథ ఇంకా బతికే ఉంది.

ఈ ప్రసంగానికి ఐదు ప్రతులున్నాయంటారు. ఏది సరైనది?

లింకన్ చేతిరాతలో ఐదు ప్రతులున్నాయి. ఎవరి దగ్గర ఉండేవో వారి పేర్లతోనే, అంటే నికొలే, హే, ఎవరెట్, బ్యాంక్రాఫ్ట్, బ్లిస్ ప్రతులని, వాటిని పిలుస్తారు. మొదటి రెండూ ఆయన కార్యదర్శులవి. అవి ఇప్పుడు అమెరికా పార్లమెంటు గ్రంథాలయంలో ఉన్నాయి. మిగతా మూడూ సభ ముగిశాక అడిగినవారి కోసం రాసిచ్చినవి. ‘దైవసన్నిధిలో’ అన్న అర్థం వచ్చే మాట మొదటి రెండింట్లో లేదు. తరువాతి మూడింట్లో, ఆనాటి విలేకరులు పంపిన వార్తల్లో ఉంది. అంటే బహుశా చేతిలోని కాగితంలో లేని ఆ మాటను వేదిక మీద అప్పటికప్పుడు చేర్చి ఉంటారు. లింకన్ సంతకం, తేదీ ఉన్నది బ్లిస్ ప్రతి ఒక్కటే. శిలాఫలకాల మీద, పుస్తకాల్లో సాధారణంగా కనిపించేది అదే కనుక అనువాదానికి దాన్నే తీసుకోవడం మంచిది.

‘ఎనభై ఏడేళ్ళ క్రితం’ అని తేలిగ్గా చెప్పకుండా ‘నాలుగు ఇరవైల ఏడేళ్ళు’ అని ఎందుకన్నారు?

సభలోనివారికి బైబిలు భాష కొట్టినపిండి. మనిషి ఆయుష్షు డెబ్భై ఏళ్ళు, బలముంటే ఎనభై అని చెప్పే 90వ కీర్తనలో పాత ఇంగ్లీషు బైబిలు ఇలాగే ఇరవైల లెక్క వాడుతుంది. దేశం వయసు మనిషి ఆయుష్షును దాటిందన్న స్ఫురణ ఆ లెక్కలోనే ఉంది. తెలుగు బైబిలులో డెబ్బది, ఎనుబది అనే ఉంది కనుక ‘ఎనుబదియేడు’ అంటే ఆ గ్రాంథిక ఛాయ కొంతైనా దక్కుతుంది.

లెక్క కంటే ముఖ్యమైంది, లెక్క ఎక్కడ మొదలైందన్నది. 1863లోంచి 87 తీసేస్తే 1776 వస్తుంది. రాజ్యాంగాన్ని రాసింది 1787లో. ఆ రాజ్యాంగం బానిసలను ప్రాతినిధ్యం లెక్కకోసం అయిదింట మూడువంతుల మనుషులుగా చూసింది. పారిపోయిన బానిసను యజమానికి అప్పగించాలంది. లింకన్ దాన్ని దాటి వెనక్కి వెళ్ళి, దేశం పుట్టింది స్వాతంత్ర్య ప్రకటనతోనే అన్నారు.

అక్కడా ఒక మాట మార్చారు. 1776లో సమానత్వాన్ని స్వతస్సిద్ధమైన సత్యమన్నారు. లింకన్ దాన్ని ‘ప్రతిపాదన’ అన్నారు. రేఖాగణితం చదువుకున్నవారికి ఈ తేడా వెంటనే అందుతుంది: స్వయంసిద్ధానికి రుజువు అక్కర్లేదు, ప్రతిపాదనను రుజువు చేసి చూపాలి. నడివయసులో యూక్లిడ్ మొదటి ఆరు సంపుటాలనూ కూర్చుని నేర్చుకున్న న్యాయవాది ఈ మాటను యథాలాపంగా వాడారని నేననుకోను. తెలుగు అనువాదాల్లో దీన్ని ‘ఆశయం’ అనో ‘సూత్రం’ అనో మార్చేస్తే ప్రసంగపు నడ్డి విరిగినట్టే.

ఆ ప్రసంగంలో బానిసత్వం ప్రస్తావన ఉందా?

ఆ మాట లేదు. గెటిస్‌బర్గ్ పేరు కూడా లేదు. ‘స్వేచ్ఛకు కొత్త పుట్టుక’ అన్నది మాత్రం ఉంది. తిరుగుబాటు రాష్ట్రాల్లోని బానిసలకు విముక్తి ప్రకటించి అప్పటికి పదకొండు నెలలు కూడా నిండలేదు కనుక అదేమిటో సభికులకు విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

బానిసత్వాన్ని పేరుపెట్టి పిలిచింది 1865 మార్చి 4న చేసిన రెండో ప్రమాణస్వీకార ప్రసంగంలో. గెలుపు చేతికందుతున్న వేళ విజయగర్వం లేకుండా, ఈ యుద్ధం దేశం మొత్తం చేసిన పాపానికి శిక్షేమోనని, కొరడాతో రాల్చిన ప్రతి రక్తపుబొట్టుకూ కత్తితో రాల్చిన బొట్టు బదులు తీరేవరకు అది సాగాలన్నది దైవసంకల్పమైతే ఆ తీర్పు న్యాయమైనదేనని అన్నారు. ఎవరిమీదా ద్వేషం వద్దని, అందరిమీదా దయ ఉండాలని ముగించారు. మొత్తం 700 మాటలు. ఉటంకించేవారు చివరి దయను తీసుకుని నడిమధ్య రక్తాన్ని వదిలేస్తుంటారు. నలభై ఒక్క రోజుల తరువాత, ఏప్రిల్ 14న, ఆయనమీద కాల్పులు జరిగాయి.

డగ్లస్ చేసిన జూలై 4 ప్రసంగానికి జూలై 5 తేదీ ఎందుకుంటుంది?

1852లో జూలై 4 ఆదివారం పడింది. దీనికి తోడు, న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం 1827 జూలై 4న చట్టరీత్యా రద్దయినప్పటి నుంచీ అక్కడి నల్లజాతివారిలో మర్నాడు పండుగ చేసుకునే ఆనవాయితీ ఒకటుంది. రోచెస్టర్‌లోని మహిళల బానిసత్వ వ్యతిరేక సంఘం కొరింథియన్ హాల్లో ఏర్పాటుచేసిన సభలో, పద్నాలుగేళ్ళ క్రితం మేరీల్యాండ్ నుంచి తప్పించుకు వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ మాట్లాడారు.

ఈ ప్రసంగాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు మన భాష ఇంగ్లీషు కంటే ఒక మెట్టు పైనుంటుంది. ఇంగ్లీషులో ‘మన’, ‘మా’ రెంటికీ ఒకే మాట. తెలుగులో వినేవాణ్ణి కలుపుకుంటున్నామో లేదో నోరు విప్పగానే తేలిపోతుంది. డగ్లస్ ప్రసంగమంతా ఆ గీత మీదే నడుస్తుంది. మొదటి భాగంలో స్థాపకులను నిండుగా మెచ్చుకుంటూనే ‘మీ తండ్రులు’, ‘మీ దేశ స్వాతంత్ర్యం’ అంటారు తప్ప ‘మన’ అనరు. వింటున్నవారు మర్యాదగా తలలూపుతూ ఉండగానే వాళ్ళకూ ఆయనకూ మధ్య గోడ లేస్తూ ఉంటుంది. ఆ తరువాతే అసలు దెబ్బ: ఈ జూలై నాలుగు మీది, నాది కాదు, మీరు సంబరపడవచ్చు, నేను దుఃఖించాలి. పదకొండేళ్ళ తరువాత గెటిస్‌బర్గ్‌లో లింకన్ ‘మన పూర్వీకులు’ అన్నప్పుడు ఆ ‘మన’లో డగ్లస్ ఉన్నారా అన్నది అనువాదకుడు తప్పించుకోలేని ప్రశ్న. నేనైతే ‘మన’ అనే రాస్తాను, కానీ రాసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

డగ్లస్ స్వయంగా ఆ ప్రశ్నకు తరువాత సూటిగానే బదులిచ్చారు. 1876 ఏప్రిల్ 14న వాషింగ్టన్‌లో విముక్తి స్మారక విగ్రహాన్ని ఆవిష్కరించినప్పుడు, అధ్యక్షుడు గ్రాంట్ ఎదుటే, లింకన్ ప్రధానంగా తెల్లవారి అధ్యక్షుడేనని అని, ఆ పైన ఆయన చేసిన మేలును తూకం వేసి చెప్పారు. విగ్రహావిష్కరణ సభలో అంత నిక్కచ్చిగా మాట్లాడిన వక్తలు ఎక్కడైనా అరుదు.

‘నేను ఆడదాన్ని కానా?’ అని సోజర్నర్ ట్రూత్ నిజంగా అన్నారా?

అన్నారనడానికి గట్టి ఆధారం లేదు. 1851 మేలో ఒహైయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో జరిగిన మహిళా హక్కుల సదస్సులో, బానిసత్వం నుంచి బయటపడ్డ ట్రూత్ మాట్లాడారు. నెల తిరగకముందే మారియస్ రాబిన్‌సన్ ఒక పత్రికలో అచ్చువేసిన పాఠంలో ఆ ప్రశ్న లేదు. పన్నెండేళ్ళ తరువాత, 1863లో, ఆ సదస్సుకు అధ్యక్షత వహించిన ఫ్రాన్సెస్ గేజ్ ప్రకటించిన పాఠంలో అది నాలుగుసార్లు, పల్లవిలా వస్తుంది. భాష కూడా దక్షిణాది బానిసల యాసలోకి మారిపోతుంది. ట్రూత్ పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలో, డచ్చి కుటుంబం దగ్గర. చిన్నతనంలో ఆమెకు వచ్చిన భాష డచ్చే. గేజ్ పాఠంలో ఆమెకు పదమూడుగురు పిల్లలు, నిజానికి అయిదుగురు.

పోటీలకు పిల్లలు ఎంచుకునేది దాదాపు ఎప్పుడూ గేజ్ పాఠమే. అది వద్దనడం నా ఉద్దేశం కాదు. అది గేజ్ జ్ఞాపకంలోంచి వచ్చిన రూపమని ముందుగా ఒక్క మాట చెప్పించండి. రాబిన్‌సన్ పాఠంలో, పురుషుడి దగ్గర శేరు తెలివి ఉంటే స్త్రీ దగ్గర అరశేరు ఉందనుకున్నా, ఆమె అరశేరును నిండనివ్వడానికి అభ్యంతరమేమిటన్న చమత్కారం ఉంది. అది చాలు మనిషి ఎదుటికి వచ్చి నిలబడడానికి.

‘స్వేచ్ఛనివ్వండి లేదా చావునివ్వండి’ అన్న పాట్రిక్ హెన్రీ మాట సంగతేమిటి?

1775 మార్చి 23న వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో, సెయింట్ జాన్ చర్చిలో, అమెరికా స్వాతంత్ర్యోద్యమ నాయకుడైన హెన్రీ ప్రసంగించిన మాట నిజం. మనం చదివే పాఠాన్ని మాత్రం విలియం వర్ట్ అనే జీవితచరిత్రకారుడు, విన్నవారి జ్ఞాపకాలు పోగుచేసుకుని 1817లో ప్రకటించారు. హెన్రీ స్వయంగా బానిసల యజమాని.

కింగ్ ‘నాకొక కల ఉంది’ అన్న భాగాన్ని ముందే రాసుకున్నారా?

ఆ రోజు చేతిలో ఉన్న కాగితాల్లో కల లేదు. 1963 ఆగస్టు 28న, ఉద్యోగాల కోసం, స్వేచ్ఛ కోసం వాషింగ్టన్‌కు కదిలిన ప్రదర్శనలో సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొన్నారు. కింగ్ ప్రసంగం దాదాపు ముగింపుకు వచ్చినప్పుడు, వేదిక దగ్గర ఉన్న గాయని మహేలియా జాక్సన్ ‘వాళ్ళకు కల గురించి చెప్పు’ అన్నారని పక్కనున్నవారు చెబుతారు. వీడియోలో గమనించండి: అంతవరకు కాగితం వైపు దిగుతూ ఉన్న చూపు ఆ తరువాత జనం మీదే నిలిచిపోతుంది.

అయితే అది అప్పటికప్పుడు పుట్టిన మాట కాదు. రెండు నెలల ముందు, జూన్ 23న, డెట్రాయిట్‌లో కలను వినిపించారు. అంతకు ముందు 1962 నవంబరులో ఉత్తర కెరొలైనాలోని రాకీ మౌంట్‌లోనూ వినిపించారు. మన హరికథకులు సభను బట్టి, తమకు కంఠతా వచ్చిన ఘట్టాన్ని అందుకుంటారు చూడండి, నల్లజాతి చర్చి ప్రబోధకుల పద్ధతీ అటువంటిదే.

ప్రామిసరీ నోటు పోలికను తెలుగులో ఎలా అర్థం చేసుకోవాలి?

కల భాగం కంటే ముందు వచ్చే ఈ పోలికే ప్రసంగానికి అసలు బలమని నా అభిప్రాయం. దాన్ని అర్థం చేసుకోవడానికి తెలుగువారికి నిఘంటువు అక్కర్లేదు. వడ్డీ రేటు వేసి, రెవెన్యూ స్టాంపు అంటించి, దానిమీద అడ్డంగా సంతకం చేయించుకున్న ప్రోనోటు చూడని రైతు కుటుంబం అరుదు. రాజ్యాంగాన్నీ స్వాతంత్ర్య ప్రకటననూ రాసినవారు ప్రతి అమెరికన్ పేరిటా అటువంటి నోటు రాసిచ్చారని, నల్లజాతివారు దాన్ని తీసుకెళ్ళేసరికి సొమ్ము చాలదని తిప్పికొట్టిన చెల్లని చెక్కు చేతిలో పెట్టారని, అయినా న్యాయం అనే బ్యాంకు దివాలా తీసిందంటే నమ్మబోమని కింగ్ అన్నారు. మాటల్లో బతిమాలుకోవడం లేదు, ఉన్నదల్లా బాకీ వసూలు. డగ్లస్ ‘మీది’ అని దూరం పెట్టిన పత్రాన్నే కింగ్ ‘మాకూ రాసిచ్చిందే’ అని వసూలుకు తెచ్చారు.

ముసాయిదాలో ఈ భాగం రాసిన న్యాయవాది క్లారెన్స్ జోన్స్ తరువాత ఒక సంగతి చెప్పారు. ఆ ఏడాది వసంతంలో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో పౌరహక్కుల ప్రదర్శనల్లో అరెస్టయిన పిల్లల బెయిలు కోసం న్యూయార్క్‌లోని ఒక బ్యాంకులో రాక్‌ఫెల్లర్ల సొమ్ము లక్ష డాలర్లు తీసుకుంటూ, తానే ఒక ప్రామిసరీ నోటు మీద సంతకం చేయవలసి వచ్చిందట.

కింగ్ ప్రసంగాన్ని పూర్తిగా అనువదించి అచ్చువేయవచ్చా?

అనుమతి లేకుండా వేయకూడదు. దాని హక్కులు కింగ్ వారసుల దగ్గర ఉన్నాయి. లక్షలమంది ఎదుట మాట్లాడినంత మాత్రాన హక్కు పోయినట్టు కాదని 1999లో అమెరికా అప్పీలు కోర్టు ఒకటి తేల్చింది. లింకన్, డగ్లస్ ప్రసంగాలకు ఈ చిక్కు లేదు.

స్మారక దినానికీ ఈ ప్రసంగాలకూ సంబంధమేమిటి?

1868 మే 30న, జాన్ లోగన్ అనే మాజీ సేనాని పిలుపుమేరకు, సైనికుల సమాధుల మీద పూలు ఉంచడం దేశమంతటా మొదలైంది. వాషింగ్టన్ పక్కనే ఉన్న ఆర్లింగ్‌టన్ సైనిక శ్మశానవాటికలో ఆనాటి వక్త, తరువాత అధ్యక్షుడైన గార్‌ఫీల్డ్. 1971 నుంచి ఆ దినాన్ని మే చివరి సోమవారం జరుపుతున్నారు. అంతకు ముందే, 1865 మే 1న, దక్షిణ కెరొలైనాలోని చార్ల్‌స్టన్‌లో అప్పుడే విముక్తులైన నల్లజాతివారు ఇటువంటిదే జరిపారు. అక్కడి గుర్రప్పందేల మైదానంలోని చెరలో చనిపోయిన 257 మంది ఉత్తరాది సైనికులను గోతుల్లోంచి తీసి, ఒక్కొక్కరికీ విడిగా సమాధి కట్టి, చుట్టూ కంచె వేసి, పూలు పట్టుకున్న పిల్లలతో ఊరేగింపు తీశారు. ఆ సంగతి చాలాకాలం మరుగునపడి ఉంది.

1871లో ఆర్లింగ్‌టన్‌లో డగ్లస్ మాట్లాడేనాటికే ఇరుపక్షాల వీరత్వాన్నీ సమానంగా పొగిడే ధోరణి మొదలైంది. బానిసత్వం కోసం పోరాడినవారికీ స్వేచ్ఛకోసం పోరాడినవారికీ ఉన్న తేడాను మరిస్తే నా నాలుక అంగిటికి అంటుకుపోవుగాక అని ఆయన అన్నారు.

ఈ ప్రసంగాలతో తెలుగువారికి సంబంధముందా?

దూరపు బంధుత్వముంది. పౌరహక్కుల ఉద్యమం తెచ్చిన ఒత్తిడిలోనే 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటుహక్కు చట్టం వచ్చాయి. అదే వాతావరణంలో, 1965 అక్టోబరు 3న, అధ్యక్షుడు జాన్సన్ స్వేచ్ఛావిగ్రహం పాదాల దగ్గర కొత్త వలస చట్టంపై సంతకం చేశారు. దేశాలవారీ పాత కోటాలు పోయి, మన వైద్యులూ ఇంజనీర్లూ అమెరికాలో స్థిరపడే దారి తెరుచుకున్నది అప్పుడే. ఇవాళ పౌరసత్వ పరీక్షకు చదువుకునే తెలుగువారికి లింకన్ గురించీ కింగ్ గురించీ ప్రశ్నలు ఎదురవుతాయి.

వాషింగ్టన్ వెళితే వీటి ఆనవాళ్ళు ఎక్కడ చూడవచ్చు?

లింకన్ స్మారక మందిరంలో దక్షిణపు గోడమీద గెటిస్‌బర్గ్ ప్రసంగం, ఉత్తరపు గోడమీద రెండో ప్రమాణస్వీకార ప్రసంగం పూర్తిగా చెక్కి ఉన్నాయి. 1922 మే 30న ఆ మందిరాన్ని ప్రారంభించినప్పుడు నల్లజాతి అతిథులను వేరుగా కూర్చోబెట్టారు. వక్తల్లో ఒకరైన రాబర్ట్ మోటన్ కూడా నల్లజాతివారే. విగ్రహం దగ్గర నుంచి పద్దెనిమిది మెట్లు దిగితే, కింగ్ నిలబడిన చోట 2003లో చెక్కిన అక్షరాలు రాతి నేలమీద కనబడతాయి. తల వంచి చూడకపోతే తొక్కుకుంటూ వెళ్ళిపోతాం.

ఉత్తరపు గోడ దగ్గర ఇంకొక్క పని చేయండి. ‘భవిష్యత్తు’ అన్న ఇంగ్లీషు మాట కోసం వెతకండి. చెక్కిన శిల్పి ‘ఎఫ్’ అక్షరానికి బదులు పొరపాటున ‘ఈ’ చెక్కాడు. కింది అడ్డగీతను తరువాత పూడ్చారు కానీ, దాని జాడ ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది.